ఆగిపోవు సరకుల బేరము

ఒక సరకును చేయువారు దానిని ఎన్నడు మానివేయుదురో ముందుగా కనిపెట్టి, అది అంగడిలో దొరకుచుండగనే కొని దాచి, దొరకని దినము వచ్చిన పిమ్మట హెచ్చు వెలకు అమ్ముకొనుట నేడు లోకములో ఒక వ్యాపారముగా సాగుచున్నది. ఆ సరకు బంగారము కాదు, భూమియు కాదు. పిల్లలు ఆడుకొను బొమ్మలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములనుండి అమెరికాకు పోయి ఉద్యోగములు చేయుచున్నవారు సెలవులకు ఇంటికి వచ్చునపుడు రంగురంగుల అట్టపెట్టెలు తెచ్చుచుందురు. వాటిలో కొన్ని పిల్లల చేతికి వచ్చును. కొన్ని మూత విప్పకుండగనే అటక యెక్కును. ఎందుకురా అని తల్లి అడిగినచో, "వచ్చే యేడు ఇది బందైతదమ్మా, అప్పుడు రెండింతలు పలుకుతది" అని కొడుకు చెప్పును. చూచిన తమ్ముడు, తానును అప్పు తెచ్చియైనను నాలుగు పెట్టెలు తెప్పించుకొందునా అని ఆలోచించును. కొన్ని యిండ్లలో ఈ పెట్టెలమీద పెట్టుచున్న ధనము చెల్లెలి పెండ్లికో, పొలములో బోరు వేయించుటకో కూడబెట్టినది. కావున ఈ విద్యలో నిజమెంత, భ్రమ యెంత అని ఈ ప్రసంగమున విచారింపదలచితిమి.

ఈ బొమ్మలలో పేరెన్నికగన్నవి డెన్మార్కు దేశపు లెగో ఇటుకలు. 1932లో బిల్లుండ్ అను గ్రామమున ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి కొయ్యబొమ్మలు చేయుటకు మొదలిడెను. నేడు మనము చూచు ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు హక్కు కోరబడినది. "బాగుగా ఆడుకొనుము" అను అర్థము గల రెండు డేనిష్ పదములను కుదించి కంపెనీకి ఆ పేరు పెట్టిరి. ఆడుకొనుమని తన పేరులోనే చెప్పుచున్న వస్తువును ఆడకుండ దాచినవానికే లాభమట!

కంపెనీవారు ఒక్కొక్క నమూనాను సాధారణముగా ఒకటిన్నర లేక రెండు సంవత్సరములు చేసి, పిమ్మట మానివేయుదురు. కొన్నిటిని ఇంకను ఎక్కువ కాలము చేయుదురు. ఎప్పుడు మానుదురో కనిపెట్టుటకు బేరగాండ్రు చూచు గుర్తులు పెక్కు గలవు. అది వెలువడి ఎన్ని నెలలైనది? పెద్ద దుకాణములలో అయిపోయిన సరకు మరల దిగుచున్నదా, లేక ఖాళీ అర అట్లే యున్నదా? సినిమా పేరిట చేసిన బొమ్మయైనచో ఆ సినిమావారితో కుదుర్చుకొన్న ఒప్పందము ఎంతవరకున్నది? అదే వస్తువును క్రొత్త రూపములో తెచ్చు సూచనలు కనబడుచున్నవా? ఇట్లు తేదీలను, అరలను, ఒప్పందములను చూచి లెక్క గట్టుదురు. ఈ లెక్క తప్పనిసరిగా తప్పిపోవుననియు మేము చెప్పము. శ్రద్ధగా చూచువారికి పలుమారులు సరిపోవును. మరికొన్నిమారులు కంపెనీయే తన అంగడిలో "త్వరలో ఆగిపోవును" అని చీటీ అంటించును. ఈ గుర్తును మాత్రము మేము గుర్తుగా లెక్కింపము. దండోరా వేయించిన రహస్యమునకు వెల యెక్కడిది?

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ఎన్నడు ఆగునో కనిపెట్టుట ఒక సంగతి. ఆగినదానికి వెల వచ్చుట మరియొక సంగతి. మొదటిది తెలిసినచో రెండవది చేతికి వచ్చినట్లే అనుకొనుటలో ప్రమాదము గలదు. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన పరిశోధకులు ఇద్దరు 1987 మొదలు 2015 వరకు ఆగిపోయిన 2,322 లెగో పెట్టెల ధరలను పరిశీలించి, సగటున ఏటికి నూటికి 11 వంతున పెరిగినవని తేల్చిరి. ఈ ఒక్క అంకె చెవిని బడినంతనే అప్పుకు వడ్డీ తీసివేసి మిగులు లెక్కించువారు గలరు. ఆ పరిశోధనలోనే, కొన్ని పెట్టెలు ఏటికి సగము విలువ పోగొట్టుకొన్నవనియు, కొన్ని ఏటికి ఆరు రెట్ల లాభమిచ్చినవనియు గలదు. మిక్కిలి చిన్నవియు, మిక్కిలి పెద్దవియు బాగుగా పెరిగినవి. నడిమి రకము అంతగా పెరగలేదు. పైగా పెరుగుదల, సరకు ఆగిన మరునాడు కాక రెండు మూడేండ్లకు గాని పుంజుకొనలేదు. ఏటి సగటు లోతును లెక్క గట్టి ఆలుబిడ్డలను దాటింపబోయిన కరణముగారి కథ మన పల్లెలలో అందరును విన్నదే. ఆయన లెక్కలో తప్పు లేదు గదా.

మన దేశపు పేరు గల బొమ్మనే ఉదాహరణముగా తీసికొందము. 2008లో లెగోవారు తాజమహలును 5,922 ముక్కలతో వెలువరించిరి. అమెరికాలో దాని వెల సుమారు 300 డాలర్లు. అది ఆగిపోయిన తరువాత వెల పెరిగి పెరిగి అసలునకు ఎన్నో రెట్లైనది. దానిని దాచినవారు తమ దూరదృష్టిని మెచ్చుకొనిరి. దాచనివారు హెచ్చు ధర ఇచ్చి కొని, ఇంకను పెరుగునని అట్లే పెట్టిరి. 2017లో కంపెనీవారు అదే తాజమహలును మరల విడుదల చేసిరి. ఈ మారు 5,923 ముక్కలు, అనగా ఒక్క ముక్క యెక్కువ. వెల సుమారు 370 డాలర్లు. క్రొత్తది అంగడిలో దొరకుచుండగా పాతదానికి వేల డాలర్లు ఎవరిత్తురు? పాతదాని ధర పడిపోయినది. ఆగిపోవునని చెప్పినవారి జోస్యము అక్షరాల ఫలించినది. కాని ఆపిన చేయియే మరల తీసినది. ఆ చేయి కొన్నవారిది కాదు.

ఇంతకంటె ముందే, 1990ల చివరి సంవత్సరములలో, టై అను అమెరికా కంపెనీవారి గింజల సంచి బొమ్మల విషయములో ఈ వెఱ్ఱి పరాకాష్ఠ నందినది. అవి బీనీ బేబీలు. ఒక్కొక్క బొమ్మకు "విరమణ" ప్రకటించుట, ప్రకటించగనే జనము ఎగబడుట ఆ కంపెనీకి అలవాటైనది. 1999లో విడాకులు తీసికొన్న దంపతులు లాస్‌వేగస్ న్యాయస్థానమున నేలపై కూర్చుండి ఈ బొమ్మలను ఒక్కొక్కటిగా పంచుకొనిరి. అదే సంవత్సరము, ఏడాది చివరకు బొమ్మలన్నియు ఆగిపోవునని కంపెనీ ప్రకటించెను. పిమ్మట ప్రజల వోట్లు అడిగి కొనసాగించెను. అందరి యిండ్లలోను గోనెలకొలది బొమ్మలు దాచియుండగా వాటిని కొనువారెవరు? దాచినవారందరు అమ్ముదమనుకొన్నవారే గాని, బొమ్మ కావలెనన్నవారు కారు. ధరలు కూలినవి.

ఇదంతయు దూరదేశపు కథ యని శ్రోతలు అనుకొనవలదు. ఒక సరకు బందగునని ముందే తెలిసి, ఏది దాచవలె ఏది వదలవలె అని తర్జనభర్జన పడిన కాలము మన మూడు పట్టణములకును అనుభవమే. ఆ సరకు హాలీ సిక్కా.

నిజాము రాజ్యమునకు సొంత నాణెమున్నదని నేటి యువకులలో చాలమందికి తెలియదు. చార్మినారు ముద్ర గల ఆ వెండి రూపాయి ఇరువదవ శతాబ్దపు మొదటి ఏండ్లలో మహబూబ్ అలీ ఖాన్ కాలమున వచ్చినది. చార్మినారు నడిమి ద్వారములో మహబూబ్ పేరిట "మీమ్" అను ఉర్దూ అక్షరమును, తరువాత ఉస్మాన్ అలీ ఖాన్ పేరిట "ఐన్" అను అక్షరమును చెక్కించిరి. 1918లో కాగితపు నోట్ల చట్టము చేసిరి. హాలీ అనగా ఇప్పటిది, వాడుకలో నున్నది అని అర్థము. ఇప్పటిది అని పేరు పెట్టుకొన్న నాణెమే అప్పటిదైపోయినది!

సరిహద్దునకు ఆవల చెలామణియైన బ్రిటిషు ఇండియా రూపాయిని మనవారు కల్దారు అనిరి. కోదాడ దాటినచో జగ్గయ్యపేట. అది ఆనాడు కృష్ణా జిల్లా, కల్దారు సీమ. మిర్యాలగూడకు దక్షిణమున కృష్ణ దాటినచో పలనాడు. అదియు కల్దారు సీమయే. సూర్యాపేటనుండి బెజవాడకు పోవు బాటసారి కరోడ్‌గిరి నాకా దాటునప్పటికే తన సంచిలోని హాలీని కల్దారుగా మార్చుకొనవలసియుండెను. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. అనగా 100 కల్దారులు కావలెనన్నచో 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు ఇయ్యవలెను. దానిపై షావుకారు పుచ్చుకొను బట్టా వేరు. రెండు నాణెముల నడుమ బ్రతుకుచు, ఏది ఎప్పుడు హెచ్చునో ఏది తగ్గునో అని కనిపెట్టుకొనియుండుట ఆ సీమవారికి నిత్యకృత్యము. అందుచే సరకు ఆగిపోవుటను పసిగట్టు విద్య మన ప్రాంతమునకు డెన్మార్కునుండి రానక్కరలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసిన నాడే హాలీకి దినములు దగ్గరపడినవని బుద్ధిమంతులందరు గ్రహించిరి. 1950నుండి భారత రూపాయి హాలీతో పాటుగా చెలామణియైనది. 1951లో హాలీ విడుదల ఆగినది. 1959లో దాని చెల్లుబాటు పూర్తిగా రద్దైనది. అనగా పదేండ్లకు పైగా అవకాశమున్నది. గుర్తులు చూచి ఊహించు పనియే లేదు. మరి దాచినవారందరు ధనవంతులైరా?

కాలేదు. ఏలయనగా అందరికిని తెలిసినది గనుక, కాగితపు నోట్లు గలవారు గడువులోపల మార్చుకొనిరి. అది వివేకము. వెండి రూపాయలు గలవారికి తొందర లేదు; చెల్లుబాటు పోయినను వెండి పోదు. పూర్వపు హాలీ రూపాయి బరువు 11 గ్రాములకు పైచిలుకు. అందులో నూటికి సుమారు 82 వంతులు వెండి. అనగా 9 గ్రాముల పైన మేలిమి వెండి యున్నట్లు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు రూపాయలలో ఈ పాలు తగ్గినది. కావున వెండి రూపాయలు కంసాలి ముచ్చెలోనికి పోయి కడియములైనవి, పట్టీలైనవి. కొన్ని గోడలోను, నేలలోను కుండలలో నిలిచినవి. నేడు వాటిని సూర్యాపేట నగల అంగడికి తీసికొనిపోయినచో, మామూలు సంవత్సరపు ముద్ర గలవానికి వెండి ధరకు కొంచెము మించి పలుకును. 1950లనుండి నేటివరకు వెండి యెంత పెరిగినదో రూపాయియు అంతే పెరిగినది. అది నాణెము ఆగిపోయినందువలన వచ్చిన లాభము కాదు, లోహపు లాభము. వెండి దిమ్మ కొని పెట్టుకొన్నవానికిని అదియే వచ్చెడిది.

నిజముగా నేడు వెల గల హాలీ వస్తువులేవి? మడత పడని కాగితపు నోట్లు. తక్కువ సంఖ్యలో ముద్రింపబడిన సంవత్సరముల నాణెములు. అవి ఎట్లు మిగిలినవి? ఎవడో దూరదృష్టితో దాచుటవలన కాదు. మారకపు గడువు తెలియక తాతగారి ఖురాను పుటల మధ్యనో, రామాయణపు అట్టలోపలనో మరచిపోయినందువలన మిగిలినవి. ఆనాడు ఆ మరపు వారికి నష్టమే. ఆ నష్టమును వేలమంది పడనొల్లలేదు గనుకనే నేడది అరుదైనది. అందరును దాచినది మిగులును, మిగిలినది అగ్గువగును. అందరును పారవేసినదానిలో తప్పించుకొని మిగిలినదానికే వెల. ఈ సూత్రము చార్మినారు నోటుకును, తాజమహలు పెట్టెకును ఒక్కటే. పాత లెగో పెట్టెలకు వెల యెక్కువగుటకు కారణము, ఆనాటి తల్లిదండ్రులు వాటిని పిల్లలకిచ్చుట, పిల్లలు విప్పి ముక్కలు పోగొట్టుట. నేడు వేలమంది విప్పకుండ దాచుచున్నారు. అందుచే నిన్నటి లాభమును చూచి రేపటి లాభమును కొలుచుట సరికాదు.

హాలీకిని లెగోకును ఒక పెద్ద భేదమున్నది. హాలీని ఆపిన ప్రభుత్వము దానిని మరల ముద్రించుట కల్ల. దానిని ముద్రించిన రాజ్యమే లేదు. సైఫాబాదు టంకశాల నేడు ప్రదర్శనశాలయైనది. అట్టి అంతము నిజమైన అంతము. బొమ్మల కంపెనీ మాత్రము బ్రదికియున్నది. అచ్చులు దానివద్దనే యున్నవి.

ఆగిపోవునను పుకారు కూడ ఒక్కొక్కప్పుడు సరకు విలువను పెంచదు సరిగదా తగ్గించును. పది రూపాయల నాణెము చెల్లదని మన తెలుగు జిల్లాలలో ఎన్నియో ఏండ్లు కిరాణా అంగళ్లవారును, బస్సులలో కండక్టర్లును తిరస్కరించుట శ్రోతలకు అనుభవమే. 14 రకముల పది రూపాయల నాణెములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన చేయవలసివచ్చెను. నిజముగా ఆగిపోయినది పావలా. 2011 జూన్ 30తో దాని చెల్లుబాటు ముగిసినది. పావలాలు దాచినవారు నేటికిని డబ్బాలలో దాచియే యున్నారు. డబ్బాలు చాల గలవు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. ట్రాక్టరు బొమ్మ గల పాత అయిదు రూపాయల నోటునకు లక్షలిత్తుమనియు, ఫలానా నాణెమునకు కోట్లిత్తుమనియు సెల్‌ఫోన్లలో ప్రకటనలు వచ్చుచున్నవి. ఆశపడి పలికినవారిని ముందుగా నమోదు రుసుము కట్టుమందురు, పిమ్మట పన్ను కట్టుమందురు, అటుపై కమీషనందురు. లక్షలు వచ్చుట లేదు, చేతిలోని వేలు పోవుచున్నవి. తన పేరును, ముద్రను వాడుకొని ఇట్టి మోసములు చేయుచున్నారనియు, తాను అట్టి బేరములతో సంబంధము పెట్టుకొనననియు, ఎవరికిని ఆ అధికారమియ్యలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. పాత వస్తువును నిజముగా కొనువాడు అమ్మువానినుండి డబ్బు అడుగడు. ఇంటిలోని పెద్దలకు, ముఖ్యముగా ఒంటరిగా నుండు తల్లులకు, ఈ మాట పిల్లలే చెప్పవలెను.

దాచి అమ్ముటలో నిజమైన నేర్పు చూడదలచినవారు మిర్యాలగూడ మిల్లులకు పోయి చూడవచ్చును. 1967లో నాగార్జునసాగరు జాతికి అంకితమై ఎడమ కాలువ నీరు పారిన పిమ్మట ఆ సీమ వరికి నిలయమైనది. బియ్యపు మిల్లులు బారులు తీరినవి. కోత కాలమున వడ్లు కొని నిలువచేసి, పాతబడిన బియ్యమును అమ్ముట అచ్చట అందరెరిగిన విద్య. క్రొత్త బియ్యము అన్నము ముద్ద కట్టును. పాత బియ్యము పొడిపొడిగా వండి వచ్చును. కాబట్టి వెల యెక్కువ. కాలము గడచుటవలన వస్తువునందే గుణము పెరుగుచున్నది, ఆ గుణమును తినువాడు కోరుచున్నాడు. అయినను మిల్లు యజమాని గోదాము బాడుగ, గోనెల ఖరీదు, తేమవలన తరుగు, ఎలుకల పాలు, బ్యాంకు వడ్డీ అన్నియు వ్రాసికొని గాని లాభమను మాట పలుకడు. అటకపై పెట్టెలు పేర్చిన యువకుడు ఈ ఖాతా వ్రాయుచున్నాడా? అట్టపెట్టె మూల నలిగినచో వెల తగ్గును. వానకాలపు చెమ్మ, చెదపురుగు అతనికి తెలియనివి కావు. కొనువాడు అమెరికాలో నున్నచో ఇంత పెద్ద పెట్టెను పంపు ఖర్చు లాభమును మ్రింగివేయును. ఇచ్చట నున్నచో, కోదాడలో పాత లెగో పెట్టెకై వెదకుచున్నవారు ఎందరు? వడ్లను ఏ దినమైనను ఎవడైనను కొనును. పెట్టెకు మాత్రము దానిని కోరు ఒకానొక మనిషి దొరకవలెను.

బొమ్మలమీది ఇష్టముచేత కొని దాచుకొనువారిని మేము తప్పుపట్టుట లేదు. ఇష్టపడిన వస్తువునకు వెల పెరిగినచో సంతోషమే, పెరగనిచో బొమ్మ మిగిలియున్నది. అప్పు తెచ్చి కొనువానికి ఈ రెండవ ఊరట లేదు. పెండ్లి ముహూర్తమునాటికి పెట్టె అమ్ముడుపోవలెనని కోరుకొనువాడు కంపెనీ నిర్ణయమునకును, పరదేశపు పిల్లల అభిరుచికిని తన చెల్లెలి పెండ్లిని ముడివేసినవాడగును.

ఇక ఏ ప్రకటనయు లేకుండ ఆగిపోవు బొమ్మలును గలవు. కొండపల్లిలో తెల్లపొనికి కర్రతో దశావతారములు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కు గీతకార్మికుడు మున్నగు బొమ్మలు చెక్కుదురు. చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, సున్నము పూసి, రంగులు దిద్దుదురు. భౌగోళిక గుర్తింపు లభించినను, ఆ పొనికి కర్ర అడవిలో నానాటికి తరుగుచున్నది. చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. పిల్లలు వేరు పనులకు పోవుచున్నారు. ఏ నమూనా ఏ సంవత్సరము ఆగునో లెక్క గట్టి పెట్టెలు దాచు బేరగాడు అచ్చట కనబడడు. ఒక బొమ్మను చెక్కుట తెలిసిన చివరి చేయి ఆగినచో ఆ నమూనా ఆగినట్లే. తాజమహలువలె పదేండ్లకు మరల విడుదల చేయుటకు అచ్చు లేదు. చూడదలచినవారు కోదాడలో విజయవాడ బస్సు ఎక్కి ఇబ్రహీంపట్నము వద్ద దిగవలెను. కొండపల్లి అచ్చటికి దగ్గరనే యున్నది.